మా నేస్తం రంగూన్ నుంచి వచ్చింది

విశాఖపట్నంలో ఇప్పటి పిల్లలకి బర్మా క్యాంపు అంటే కంచరపాలెం వైపు ఉండే ఒక పేట, అంతే. ఆటో అతనికి చెప్పే గుర్తు. మా తరానికి అలా కాదు. బర్మా నుంచి, అంటే ఇప్పటి మయన్మార్ నుంచి, వచ్చి ఓడ దిగిన మనుషులు ట్రంకుపెట్టెల మీద కూర్చుని, తమకు ఏ గది ఇస్తారోనని ఎదురు చూడటం మేం చూశాం. నా జీవితంలో అందరికన్నా దగ్గరి స్నేహం ఆ క్యాంపులోనే మొదలైంది. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ముఖ్యంగా ఒక సంగతి చెప్పాలి. కాందిశీకుల మీద జాలి పడటం మా పేటవాళ్ళకి ఏమంత కష్టం కాలేదు. తమను వెళ్ళగొట్టిన ఆ దేశం మీద వాళ్ళకి ఇంకా ప్రేమ ఉందంటే మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు. చాలా స్నేహాలు అక్కడే ఆగిపోయాయి. మాది ఆగలేదంటే అది మా ఇళ్ళలోని పెద్దవాళ్ళ చలవ.

మనవాళ్ళు బర్మా వెళ్ళడం కొత్తేమీ కాదు. తెల్లదొరల కాలంలో కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి వేలమంది అక్కడి రాజధాని రంగూన్ వెళ్ళారు. అక్కడి రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ, రిక్షాలు లాగిందీ ఎక్కువగా మన కోస్తా జిల్లాల వాళ్ళే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తేలాక ఆ బర్మీయులను తీసేశారు. దాంతో పెద్ద అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా నడిచి ఇండియాకి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళలో చాలామంది యుద్ధం అయ్యాక మళ్ళీ రంగూన్ వెళ్ళిపోయారు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. అంత నరకం చూసి కూడా తిరిగి వెళ్ళారంటే, అప్పటికే అది వాళ్ళ ఊరు అయిపోయింది.

1962 మార్చిలో బర్మా సేనాధిపతి నె విన్ సైన్యంతో ప్రభుత్వాన్ని కూలదోశాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు. అదే ఏడాది మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకున్న డబ్బు రాత్రికి రాత్రి చిత్తుకాగితాలైంది. అప్పుడు మొదలైంది మళ్ళీ వలస. మన ప్రభుత్వం ఓడలు పంపింది. కొన్ని మద్రాసు వెళ్ళాయి, కొన్ని విశాఖ వచ్చాయి. నగలు, డబ్బు తెచ్చుకోనివ్వలేదు. ఒంటి మీది బట్టలు, ఒకటో రెండో పెట్టెలు, పిల్లలు. మా నేస్తం వాళ్ళు వచ్చింది అలాగే. వాళ్ళ నాన్నగారికి రంగూన్‌లో చిన్న కిరాణా కొట్టు ఉండేదట. ఇక్కడ పోర్టులో రోజుకూలీకి కుదిరారు.

మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. క్యాంపుకి మా ఇల్లు దగ్గరే. ఒకరోజు బళ్ళో మేష్టారు ఒక కొత్త పిల్లను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దది, పొడుగ్గా ఉంది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదని మా తరగతిలో వేశారు. మాట కూడా కొంచెం తేడా. మధ్యమధ్యలో మాకు తెలియని మాటలు పడేవి. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వినప్పుడల్లా ఆమె ఆ మాటను మింగేసి, దాని బదులు ఇంకో మాట వెతుక్కునేది. ఆ వెతుకులాట ముఖంలో కనపడేది.

ఒక మధ్యాహ్నం పలక మీద ఏదో గీస్తోంది. చూస్తే అన్నీ గుండ్రాలే. 'ఏంటవి?' అన్నాను. 'మా అక్షరాలు' అంది. బర్మా లిపి అన్నమాట. అందులో ఒకటి చూపించి 'ఇది గ' అంది. నాకు ఒళ్ళు జలదరించింది. తలకట్టు తీసేస్తే మన గ కూడా అలాగే ఉంటుంది కదా! కింద తెరుచుకున్న గుమ్మంలా. పక్కనే మన గ రాశాను. ఇద్దరం పలక వంక, ఒకరి ముఖం వంక ఒకరం చూసుకున్నాం. తర్వాత ఇంకో గుండ్రం గీసి 'ఇది వ' అంది. 'మాకు అది సున్న' అన్నాను. మేష్టారు వచ్చి పలక తుడిపించి, తెలుగు నేర్చుకో ముందు, ఆ పాత రాతలు మర్చిపో అన్నారు. ఆయన మంచివాడే. ఆ పిల్ల త్వరగా పై తరగతికి వెళ్ళాలనే తాపత్రయం. కానీ ఆ రోజు నుంచి ఆమె బళ్ళో ఆ అక్షరాలు రాయలేదు. సాయంత్రం మా పెరట్లో, ఇసుకలో రాసేది.

మొదటి రోజుల్లో తనే మా ఇంటికి వచ్చేది. మా అమ్మ పక్కన కూర్చుని మా వంటలు, మా పూజలు, మా మాటతీరు అన్నీ పట్టేసింది. అమ్మ తెగ మెచ్చుకునేది, 'అచ్చం మన పిల్లలాగే అయిపోయింది' అని. ఆ మెచ్చుకోలులో ఏముందో అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. మా గుమ్మం దాటి లోపలికి వచ్చేటప్పుడు ఆమె తనలో సగాన్ని బయట వదిలి రావాల్సి వచ్చేది. అమ్మలో ఏ చెడ్డతనమూ లేదు, ఎంతో ప్రేమగా అన్నమాటే అది.

నేను వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాక అసలు మనిషి కనిపించింది. క్యాంపులో ఒకే గది. గోడకి సింహాచలం అప్పన్న పటం, దాని పక్కనే బుద్ధుడి పటం. రెండింటికీ ఒకే దీపం. ఒక మూల గుండ్రటి రాతి పలక, చుట్టూ చిన్న కాలవలాంటి గాడి. దాని మీద తనకా చెట్టు చెక్కని నీళ్ళతో అరగదీసి, వచ్చిన లేత పసుప్పచ్చ గంధాన్ని చెంపలకి రాసుకునేవాళ్ళు. ఎండకి ఒళ్ళు చల్లగా ఉంటుంది, మంచి వాసన. ఓడలో తెచ్చుకున్న సామాన్లలో అన్నిటికన్నా బరువైనది ఆ రాయేనట. బంగారం ఉంటే తీసేసుకున్నారు కానీ రాయిని ఎవరు తీసుకుంటారు అనేది వాళ్ళమ్మ. నా చెంపలకి కూడా రాసి పంపింది ఒకసారి. ఇంటికి వస్తుంటే వీధిలో ఆడవాళ్ళు ఆపి మరీ అడిగారు, ఏమిటే ఆ పూత అని. పసుపు రాసుకునే ఆడవాళ్ళే!

వాళ్ళమ్మ ఇంట్లో లుంగీలాంటి గుడ్డ చుట్టుకుని పైన పొట్టి జాకెట్టు వేసుకునేది. మా వీధిలో మగవాళ్ళంతా లుంగీల్లోనే తిరిగేవారు, వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. ఆమెని మాత్రం కుళాయి దగ్గర గుచ్చి గుచ్చి మాట్లాడారు. కొన్నాళ్ళకి బయటికి రావాలంటే చీర కట్టుకోవడం అలవాటు చేసుకుంది. ఇంటికి వెళ్ళగానే విప్పేసేది.

ఇంట్లో పెద్ద దిక్కు మామ్మ. టెక్కలి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయిన ఏడాదే ఓడెక్కిన మనిషి. ఆమె తెలుగు మా నాన్నమ్మ తెలుగు కంటే పాతది. ఎన్నో ఏళ్ళ కిందటి మాట, అక్కడే ఆగిపోయినట్టు, మార్పు లేకుండా ఉండేది. మొదటిసారి గుమ్మంలో నిలబడ్డప్పుడు నన్ను చూసి, 'ఏటే గుంటా, గుమ్మం కాడే నిలబడిపోనావు, నోనికి రా' అంది. ఆమెకి వచ్చిన కోడలు మాత్రం సగం బర్మా మనిషి. అంటే మా నేస్తం వాళ్ళమ్మ సగం తెలుగు, సగం బర్మా. అమ్మమ్మ బర్మావిడ. ఇది క్యాంపులో చాలా ఇళ్ళలో ఉన్న సంగతే, అయినా బయటివాళ్ళ ముందు గట్టిగా చెప్పుకునేవారు కాదు.

సాయంత్రాలు పని అయ్యాక వాళ్ళు రంగూన్ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ష్వెడగాన్ గోపురం మీద పొద్దుటెండ ఎలా పడేదో, రాజుల చెరువు గట్టు ఎలా ఉండేదో, పొద్దున్నే వీధి చివర దొరికే మోహింగా, అంటే చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమ్యా వేసి, అరటి దవ్వ ముక్కలతో ఇచ్చే టిఫిను, దాని రుచి ఎలాంటిదో. మాటల మధ్యలో కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఇది మా వీధిలో వాళ్ళకి తెలిసింది. 'తరిమేసిన దేశం మీద ఇంకా ఏం మమకారం? ఇక్కడ ఇల్లిచ్చాం, పనిచ్చాం. అయినా మనసంతా అక్కడే' అన్నారు. మా ఇంటికి వచ్చిన పెద్దాయన ఒకరు, మామ్మ ఉండగానే, ఈ మాట అనేశారు. మామ్మ కోపం తెచ్చుకోలేదు. 'ఎల్లిపొమ్మన్నోడు ఒకడు బావూ. ఊరేటి సేసింది? నా ముగ్గురు పిల్లలు ఆ మట్టిలోనే ఉన్నారు' అంది. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. మా నాన్నమ్మ లేచి వెళ్ళి మామ్మకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

1966 గురించి చెప్పాలి. ఉక్కు కర్మాగారం విశాఖకే రావాలని ఊరు ఊరంతా కదిలిన ఏడాది. అమృతరావు గారు నిరాహారదీక్ష మొదలుపెట్టాక విద్యార్థులు రోడ్ల మీదే ఉన్నారు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని మేం చిన్నపిల్లలం కూడా వీధిలో అరుచుకుంటూ తిరిగాం. మా నేస్తం వాళ్ళ అన్నయ్య కాలేజీలో చేరి కొద్దినెలలే అయింది. తోటివాళ్ళతో ఊరేగింపులకి వెళ్ళేవాడు, ఎంతో ఉత్సాహంగా. తను ఈ ఊరివాడినని మొదటిసారి అనిపించింది అప్పుడేనని తర్వాతెప్పుడో చెప్పాడు. వాళ్ళమ్మకి తెలిసిన రోజున అతన్ని గదిలో పెట్టి తలుపుకి తాళం వేసేసింది. తలుపు ముందే కూర్చుంది, వంట కూడా చేయలేదు. స్నేహితులు వచ్చి పిలిస్తే తీయలేదు. వీధిలో కుర్రాళ్ళు పిరికివాడన్నారు. 'బర్మావాళ్ళకి మన ఊరి గొడవ ఎందుకు పడుతుంది, వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకి వస్తే చాలు' అని పెద్దవాళ్ళన్నారు.

నవంబరు 1న ఊళ్ళో కాల్పులు జరిగాయి. మనుషులు చనిపోయారు. ఆ రాత్రి నాన్న క్యాంపుకి వెళ్తూ నన్ను కూడా వెంట తీసుకెళ్ళారు. అప్పుడు చెప్పింది నేస్తం వాళ్ళమ్మ. 1962 జూలై 7న రంగూన్ యూనివర్సిటీలో సైన్యం విద్యార్థుల మీద కాల్పులు జరిపింది. మర్నాడు తెల్లవారుజామున విద్యార్థి సంఘం భవనాన్ని డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఆవిడ తమ్ముడు అక్కడ చదువుతున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. తర్వాత కూడా రాలేదు. శవం కూడా ఇవ్వలేదు. 'అన్నయ్యగారూ, పిల్లలు జెండా పట్టుకుని అరుస్తుంటే మీకు పండగలా ఉంది. నాకు వాడి గొంతు వినపడుతుంది' అంది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళందరికీ ఆ కథ చెప్పారు, ఒక్కో మాటా నిదానంగా. ఆ తర్వాత ఆ కుర్రాణ్ణి పిరికివాడని ఎవరూ అనలేదు. నాకు తెలిసి మా వీధివాళ్ళు క్యాంపువాళ్ళని 'ఏం జరిగింది మీకు' అని అడిగి, చెప్పేదాకా ఆగి విన్నది అదే మొదటిసారి. అంతకుముందు అడిగినవన్నీ ఏం తెచ్చుకున్నారు, ప్రభుత్వం ఎంతిచ్చింది అనే ప్రశ్నలే.

మమ్మల్నిద్దర్నీ నేస్తం కట్టించాలని పట్టుబట్టింది మా నాన్నమ్మే. మా ఉత్తరాంధ్రలో స్నేహానికి కూడా ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరు పిల్లలు నేస్తాలైతే రెండు ఇళ్ళూ చుట్టరికం కలిసినట్టే. కొత్తబట్టలు పెట్టుకుంటారు, పండగకి పిలుచుకుంటారు, చావుకీ పుట్టుకకీ వెళ్తారు. ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు, నేస్తమనే పిలుచుకుంటారు. అందుకే ఇక్కడ కూడా ఆమె పేరు రాయడం లేదు, రాయబుద్ధి కాదు. అయితే నేస్తం కట్టేముందు ఇంటిగుట్టు అంతా కనుక్కుంటారు. నాన్నమ్మ అడిగింది, 'మీరేటోళ్ళు?' అని. మామ్మ కాసేపు ఆలోచించింది. తన పుట్టింటి కులం చెప్పొచ్చు. కానీ కోడలు? మనవలు? 'ఆ ఊర్లో మనోళ్ళందర్నీ కోరంగోళ్ళనీవోరు. కులం అడిగినోడు లేడు. కోరంగోళ్ళమని రాసుకోమ్మా' అంది. కోరంగి అంటే కాకినాడ దగ్గరి పాత రేవు. పూర్వం ఓడలు అక్కడి నుంచి పోయేవి కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళందరికీ ఆ పేరు పడిపోయింది. మా అత్తయ్యలు గొణుక్కున్నారు. నాన్నమ్మ మాత్రం, 'అడగాల్సింది అడిగాను, చెప్పాల్సింది చెప్పింది. ఇంకేటి?' అని పసుపు కుంకుమలు తెప్పించింది. అప్పన్న పటం ముందు, బుద్ధుడి పటం ముందు కూడా, బట్టలు మార్చుకున్నాం.

ఆ వేసవిలో కుళాయి దగ్గర ఒక గొడవైంది. ఏప్రిల్ నడిమధ్యన బర్మావాళ్ళ సంవత్సరాది వస్తుంది. నీళ్ళు చల్లుకునే పండగ. రంగూన్‌లో అయితే వీధులే తడిసిపోతాయట. మా ఊళ్ళో ఎండాకాలం నీళ్ళంటే ఎంత కటకటో పాతవాళ్ళకి తెలుసు. బిందెల వరసలో తెల్లవారేది. 'తాగడానికి లేకపోతే మీకు చల్లుకోవడానికా' అని ఎవరో అరిచారు. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనలేం. కానీ ఆ ఏడాది క్యాంపులో పిల్లలు ఏడుపు ముఖాలతో తిరిగారు. మామ్మే దారి చూపించింది. పూర్వం పండగ అసలు పద్ధతి కుమ్మరించడం కాదట. గిన్నెలో కొంచెం గంధపు నీళ్ళు పోసి, రెమ్మ ముంచి మెల్లగా భుజం మీద చల్లడమట. అక్కడ వాడే రెమ్మ నేరేడు జాతిదే. మా పెరట్లో నేరేడు చెట్టు ఉంది. అమ్మ తన వంతు నీళ్ళలోంచి ఒక చెంబు పక్కన పెట్టి నాకిచ్చి పంపింది. రెమ్మలు నేనే కోసుకెళ్ళాను. మామ్మ ముందు బుద్ధుడి పటానికి, తర్వాత అప్పన్నకి, తర్వాత మా నాన్నమ్మకి చల్లింది. ఏదో బర్మాలో దీవించింది. నాన్నమ్మ తల వంచి నిలబడింది, అర్థం ఏమిటని అడగలేదు.

తర్వాతి ఏళ్ళలో అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. ఉద్యోగాల నోటిఫికేషన్లలో, 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చిన భారతీయ సంతతివాళ్ళకి వయోపరిమితిలో సడలింపు అని ఒక వాక్యం ఉండేది. ఆ వాక్యం ఎన్ని స్నేహాలు చెడగొట్టిందో! నేస్తం వాళ్ళ అన్నయ్యకి, మా మేనబావకి ఒకే పరీక్ష. అన్నయ్యకి వచ్చింది, బావకి రాలేదు. అన్నయ్యకి మార్కులే ఎక్కువ వచ్చాయి, సడలింపు అవసరమే పడలేదు. అయినా మా అత్తయ్య మూడు తరాలకి సరిపడా మాటలు అంది. ఆ ఏడాది నేస్తం మా ఇంట్లో సంక్రాంతికి రాలేదు. నాన్న వెళ్ళి పిలుచుకొచ్చారు. మనం ఇచ్చినంతకాలం వాళ్ళు మనవాళ్ళు, మనతో సమానంగా వరసలో నిలబడితే పరాయివాళ్ళు. ఇది బర్మావాళ్ళ విషయంలోనే కాదు, ఎక్కడ చూసినా ఇంతే అని నా నమ్మకం. అవసరంలో చేసిన స్నేహానికి అసలు పరీక్ష ఆ అవసరం తీరాకే వస్తుంది.

మామ్మ పోయాక ఇంట్లో బర్మా మాట తగ్గింది. నేస్తం పిల్లలకి రాదు. నేర్పలేదేమని అడిగితే, 'కుళాయి దగ్గర అమ్మ పడ్డది వాళ్ళు పడకూడదనుకున్నాను' అంది. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారట, ఎందుకు నేర్పలేదని. తనకి సమాధానం లేదు. నాకు కొన్ని మాటలు వచ్చు. 'సా పీ బీలా' అంటే అన్నం తిన్నావా అని. వాళ్ళ క్యాంపులో గుమ్మం ఎక్కగానే అదే పలకరింపు, మనలాగే.

2011 తర్వాత ఆ దేశం కొంచెం తెరుచుకున్నాక తను ఒకసారి రంగూన్ వెళ్ళొచ్చింది. కొట్టు ఉన్న వీధి గుర్తుపట్టింది, ఇల్లు గుర్తుపట్టలేకపోయింది. మౌల్మేన్‌లో ఉండిపోయిన చిన్నాన్న కూతుర్ని కలిసింది. అక్కడ మోన్ రాష్ట్రంలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. గుళ్ళో తెలుగు పద్యాలు వినిపించాయని, వాళ్ళ తెలుగు అచ్చం మామ్మ తెలుగులాగే ఉందని చెబుతూ ఏడ్చింది. 1982 పౌరసత్వ చట్టం తర్వాత కాగితాలు సరిగ్గా లేనివాళ్ళు అక్కడ పుట్టినా పూర్తి పౌరులు కాలేకపోయారు. ఆ చెల్లెలి కుటుంబం కూడా అందులోదే.

2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి రంగూన్ జనం గిన్నెలు, పళ్ళేలు మోగిస్తున్న వీడియోలు తను నాకు పంపుతూనే ఉండేది. మా వీధిలోవాళ్ళ మనవలెవరో అడిగారు, 'అక్కడి గొడవకి ఈవిడెందుకు నిద్ర మానేస్తోంది' అని. వాళ్ళకి నేను 1962 కథ చెప్పాను, నాన్న చెప్పినట్టే. 2024 ఫిబ్రవరిలో అక్కడ కుర్రాళ్ళని బలవంతంగా సైన్యంలో చేర్చుకునే చట్టం అమల్లోకి తెచ్చారు. మౌల్మేన్ చెల్లెలి మనవడు ఆ నెలలోనే థాయిలాండ్ సరిహద్దు దాటి మే సోత్ చేరాడు. అక్కడ కుట్టుపనిలో ఉన్నాడు, కాగితాలు లేవు.

నేస్తానికి అతన్ని ఇక్కడికి రప్పించాలని ఉంది. తాతముత్తాతలది ఈ గడ్డేనని చూపించే కాగితం ఏదైనా ఉంటే దారి ఉండొచ్చని ఒక వకీలు చెప్పారు. మామ్మ పుట్టిన పల్లె పేరు తెలుసు, వాళ్ళ ఇంటిపేరు తెలుసు. పాత భూమి లెక్కల్లో మామ్మ వాళ్ళ నాన్న పేరు దొరుకుతుందేమో చూడాలి. నా మోకాళ్ళు అంతంతమాత్రమే, తనకి బీపీ. అయినా వచ్చే సోమవారం పొద్దున టెక్కలి బస్సుకి ఇద్దరం బయల్దేరుతున్నాం. ఆ వైపు రెవెన్యూ రికార్డులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి దారి చెప్పండి.